చదరంగపు తొలియెత్తులును గ్రంథాలయమును
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లపాటు ఒక పల్లెలో పుస్తకపు బీరువాలు తెఱచియుండుట సామాన్యమైన సంగతి కాదు. అట్టి గ్రంథాలయపు రజతోత్సవ సభలో చదరంగమును గూర్చిన ప్రసంగమేల యని కొందఱికి తోచవచ్చును. రచ్చబండపై ప్రొద్దుపుచ్చుటకు ఆడుకొను ఆటకును, నిశ్శబ్దముగా కూర్చుండి చదువుకొను ఈ చావడికిని సంబంధమేమి? సంబంధము కలదు, అదియు చాల దగ్గఱి సంబంధము. పోటీలలో ఆడబడు చదరంగమున తొలి పది పండ్రెండు ఎత్తులు ఆ కూర్చున్నవాని బుఱ్ఱలో అప్పటికప్పుడు పుట్టునవి కావు. అవి ఎవరో ఎప్పుడో ఆడగా, మఱియెవరో వ్రాసి దాచగా, చేతులు మాఱి వచ్చినవి. వ్రాసి దాచుట యనునది లేనిచో నేటి చదరంగమే లేదు. ఈ యొక్క మాటను నిరూపించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఆట మొదట బలములను వెలికి తెచ్చి, రాజును భద్రపఱచి, నడిమి గడులపై పట్టు సంపాదించు ఎత్తుల వరుసను ఇంగ్లీషువారు ఓపెనింగు అందురు. తెలుగున ప్రారంభమనవచ్చును. దీనికింత ప్రాముఖ్యమేల? బల్లపై గడులు 64 మాత్రమే. కాని తొలియెత్తున ఒక్కొక్కనికి 20 దారులు కలవు. ఇరువురును చెరియొక ఎత్తు వేయునప్పటికి అవి 400 అగును. చెరి రెండెత్తులు వేయునప్పటికి ఆ దారులు లక్షా తొంబది వేలు దాటును. ఇంతటి అడవిలో ఏ బాట ఎక్కడికి పోవునో ఒక్క మనుష్యుడు ఒక్క జన్మలో తెలిసికొనజాలడు. కావున ముందు నడచినవారి అడుగుజాడలు కావలెను.

ధర్మవరపు నేతగాండ్రకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. మగ్గముపై పడుగు సరిగా సాగనిచో ఎంతటి పనివాడు పేక నడిపినను చీర చక్కగా రాదు. అట్లని పడుగు సాగినంతమాత్రమున చీర ఐపోలేదు. బుటాలును కొంగును ఇంకను నేయవలసియే యున్నవి. చదరంగమున ప్రారంభము పడుగువంటిది. అది గెలుపు కాదు, గెలుపునకు పాత్రత.

ఇప్పుడొక నిజమైన ఆటను తీసికొందము. 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో ఒక బల్లకు ఇరుప్రక్కల ఇరువురు కూర్చుండిరి. ఒకరు చైనా దేశీయుడగు డింగ్ లిరెన్, అప్పటికి జగజ్జేత. ఎదుటివాడు దొమ్మరాజు గుకేశ్. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన యువకుడు. 2006 మే 29న జన్మించిన అతనికి ఆనాటికి 18 ఏండ్లు. ఇరువురి నడుమ 14 ఆటల పోటీ నిర్ణయింపబడెను. గెలిచినవానికి ఒక మార్కు, సరిసమానమైనచో చెరి అర మార్కు. పదమూడు ఆటలు ముగిసెను. ఇరువురును చెరి రెండు గెలిచిరి, తొమ్మిది సరిసమానములు. చెరి ఆఱున్నర మార్కులతో పదునాలుగవ ఆటకు దిగిరి. అదియు సరిసమానమైనచో మఱునాడు తక్కువ వ్యవధి ఆటలతో ఫలితము తేల్చవలసియుండెను. ఇంతటి ఆటను ఎట్లు ఆరంభించిరో చూడుడు.

తెల్లబలము డింగ్‌ది. ఆయన తొలియెత్తుగా రాజు ప్రక్కనున్న గుఱ్ఱమును వెలికి దుమికించెను. గుకేశ్ మంత్రి యెదుటి బంటును రెండు గడులు నడపెను. డింగ్ రెండవ యెత్తున గుఱ్ఱపు వరుసలోని బంటును ఒక్క గడి మాత్రమే జరిపి, మూడవ యెత్తున ఆ సందున శకటును నిలిపెను. కొన్ని చోట్ల ఒంటె యని పిలువబడు బలమే ఈ శకటు. ఈలోగా గుకేశ్ మంత్రి వైపు శకటు బంటును రెండు గడులు నడపి, ఆ వైపు గుఱ్ఱమును దింపెను. నాలుగవ యెత్తున డింగ్ మంత్రి బంటును రెండు గడులు పంపెను. గుకేశ్ రాజు బంటును ఒక గడి నడపి తన నడిమి బంటునకు ఆసరా యిచ్చెను. ఐదవ యెత్తున డింగ్ తన రాజును ఏనుగు చాటునకు చేర్చి భద్రపఱచెను.

ఇందు ఒక్క యెత్తును ఆనాడు పుట్టినది కాదు. గుఱ్ఱమును ముందు దింపి, నడిమి గడులను బంట్లతో నింపక దూరము నుండి బలములతో కాపుకాయు పద్ధతికి రిచర్డ్ రేటి పేరు పెట్టిరి. 1889 మొదలు 1929 వఱకు జీవించిన ఆ ఆటగాడు 1924లో న్యూయార్కు పోటీలో, ఎనిమిదేండ్లుగా ఓటమి యెఱుగని జగజ్జేత కాపాబ్లాంకాను ఇట్టి గుఱ్ఱపు తొలియెత్తుతోనే ఓడించెను. ఇక సింగపూరు ఆటలో డింగ్ పేర్చిన వరుసను ఆట నెఱిగినవారు తలక్రిందులైన గ్రూన్‌ఫెల్డ్ అందురు. అనగా సాధారణముగా నల్లబలమువాడు వేయు ఎత్తులను తెల్లబలమువాడు వేసెనని యర్థము. ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ ఆస్ట్రియా దేశీయుడు. 1922లో ఆ ప్రారంభమును ప్రచారమునకు తెచ్చెను.

ఇంతవఱకు విన్నవారికి ఇది యంతయు దొరల విద్య యని తోచును. అట్లు తలచుట సరికాదు. మూలకు చేరువగా శకటును నిలిపి, ఐమూల బాటపై దూరము నుండి బాణమువలె చూపు సారించు ఆ పద్ధతి మన దేశపు ఆటగాండ్రకు పూర్వమునుండి అలవాటైనది. దానికి కారణము మన నాటు నిబంధనలలోనే కలదు. మన పెద్దల ఆటలో బంటు తొలియెత్తున సైతము ఒక్క గడియే నడచును. ఏనుగుతో కలసి రాజును భద్రపఱచు ఎత్తు అందు లేదు. దానికి మాఱుగ రాజు ఒక్క పర్యాయము గుఱ్ఱమువలె దుముకవచ్చును. బంటు ఒక్కొక్క గడి మాత్రమే నడచునప్పుడు నడుమను త్వరగా ఆక్రమించుట సాధ్యము కాదు. శకటునకు దారి యిచ్చుటకు ప్రక్క బంటును ఒక గడి జరుపుటయే సులువు. కావున మూల శకటు మన రచ్చబండలకు సహజమైనది.

అది ప్రపంచమునకు ఎట్లు తెలిసెను? వంగదేశమున మహేశచంద్ర బంద్యోపాధ్యాయుడను పల్లెటూరి బ్రాహ్మణుడుండెను. 1848 ప్రాంతమున కలకత్తా చదరంగ క్లబ్బు సభ్యుడొకడు, పల్లెపట్టున ఓటమి యెఱుగని ఆటగాడొకడు కలడని విని ఆయనను చూచెను. తరువాత ఆయన కలకత్తాకు వచ్చి, అక్కడ న్యాయవాదిగా నుండిన జాన్ కాక్రేన్‌తో ఏండ్ల తరబడి వందలకొలది ఆటలాడెను. కాక్రేన్ తాను గెలిచిన ఆటలనే కాక ఓడిన ఆటలను కూడ వ్రాసియుంచి, ఇంగ్లండులోని చదరంగ పత్రికలకు పంపెను. 1855లో వారాడిన ఒక ఆటలో మహేశచంద్రుడు నల్లబలముతో వేసిన తొలియెత్తులు, అఱువదియేడేండ్ల తరువాత గ్రూన్‌ఫెల్డ్ పేరు పొందిన ప్రారంభముతో సరిగా కలియుచున్నవి. నేటికిని చదరంగ గ్రంథములలో ఇండియన్ డిఫెన్సు అను పేరు గల ప్రారంభముల కుటుంబమొకటి కలదు. ఆ పేరు ఆ పల్లెటూరివాని ఆటల నుండి వచ్చినది.

ఇందలి వింతను గమనింపుడు. వంగదేశపు పల్లెలో వేయబడిన ఎత్తులు కాగితమెక్కి ఇంగ్లండు చేరెను. ఆస్ట్రియాలో మఱియొక పేరు ధరించెను. తుదకు తలక్రిందులై, సింగపూరులో చైనా దేశీయుని చేతినుండి ఒక తెలుగు యువకునికి ఎదురుగా నిలిచెను. ఈ నూటడెబ్బదేండ్లకు చేరువైన యాత్రకు వాహనము కత్తి కాదు, ధనము కాదు. కొన్ని గీతలు వ్రాసిన కాగితము.

కాగితము లేనిచో ఏమగునో తెలియుటకు పెనుకొండ దాక పోయిన చాలును. 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర రాజ్యమునకు రాజధానియైనది ఈ పెనుకొండయే. అంతకు ముందు శ్రీకృష్ణదేవరాయలు వేసవిలో ఇక్కడ విడిసెడివాడని చెప్పుదురు. రాయలకు చదరంగమన్న మక్కువ మెండనియు, బొడ్డుచర్ల తిమ్మన యను కవి ఆయనతో సరిజోడుగా ఆడెడివాడనియు, ఆ నేర్పునకు మెచ్చి రాయలు కొప్పోలు అగ్రహార మొసంగెననియు తెలుగువారు చెప్పుకొనుచు వచ్చిరి. ఒక ఆటకు ఒక ఊరు! అంతటి ఆట ఎట్లు ఆరంభమయ్యెను? తిమ్మన తొలుత ఏ బలమును కదపెను? ఏ యెత్తునకు రాయలు చకితుడయ్యెను? ఒక్క యెత్తు కూడ మిగులలేదు. ఊరిచ్చిన కథ మిగిలినది. ఊరు తెచ్చిన ఆట మాయమైనది. వంగదేశపు పేద బ్రాహ్మణుని ఆటను నేడు ఏ బాలుడైనను బల్లపై తిరిగి ఆడి చూడగలడు. చక్రవర్తి ఆటను ఆడి చూడజాలడు. వ్రాతకును వ్రాయకపోవుటకును గల భేదమిదియే.

మఱియొక యుదాహరణము. పంజాబు దేశమున మీర్ మాలిక్ సుల్తాన్‌ఖాన్ అను ఆటగాడుండెను. ఆయన కూడ మన నాటు నిబంధనలతో ఆట నేర్చినవాడే. 1929లో ఇంగ్లండునకు పోయి, అదే యేడు బ్రిటిషు ఛాంపియను పదవి గెలిచెను. 1932, 1933 సంవత్సరములలో మరల గెలిచెను. హేస్టింగ్సు పోటీలో కాపాబ్లాంకాను సైతము ఓడించెను. కాని ఆయన ఆటకు ఒక లోపముండెనని అందఱు నందురు, అది ప్రారంభము. ఐరోపావారు తరతరములుగా గ్రంథములలో కూర్చిన తొలియెత్తుల విద్య ఆయనకు చిన్ననాట అందలేదు. అందుచేత ప్రతి ఆటలోను మొదట వెనుకబడి, పిదప స్వబుద్ధితో లేచి నిలువవలసి వచ్చెడిది. అంతటి ప్రతిభావంతుడు తన బలములో కొంత భాగమును, ఇతరులు పుస్తకము తెఱచి తెలిసికొను సంగతులపై వ్యయము చేసెను. ప్రతిభకు లోటు లేదు, పుస్తకమునకు లోటు. మన పల్లెలలో ఎందఱు సుల్తాన్‌ఖానులు ఇట్లే వెనుకబడిపోయిరో ఎవరు లెక్కించిరి?

ఇక మరల సింగపూరు బల్లకు వత్తము. ప్రారంభము ముగిసెను. ఇరువురికిని నష్టము లేదు. పడుగు చక్కగా సాగినది. అటుపిమ్మట పుస్తకము మూతపడును, స్వబుద్ధి తెఱచుకొనును. ముప్పదియవ యెత్తున మంత్రులు మంత్రులను చంపుకొనిరి. డింగ్ ఒక బంటును వదలుకొని ఆటను సరళము చేసెను. ముప్పదిరెండవ యెత్తునకు తెల్లవానికి రాజు, ఏనుగు, శకటు, రెండు బంట్లు. నల్లవానికి రాజు, ఏనుగు, శకటు, మూడు బంట్లు. చూచుచున్న పండితులలో పెక్కుమంది ఇది సరిసమానముగా ముగియునని తలచిరి. ఒక్క బంటు ఎక్కువైనను, బంట్లన్నియు ఒకే వైపున నున్నప్పుడు గెలుపు దుర్లభము.

గుకేశ్ మాత్రము ఆటను విడువలేదు. తొందరపడలేదు. ఒక గడి ముందుకు, ఒక గడి ప్రక్కకు, మరల వెనుకకు. ఎదుటివానికి ప్రతి యెత్తునను ఒక చిన్న ప్రశ్న వేయుచు ఇరువదికి పైగా ఎత్తులు నడపెను. 55వ యెత్తున డింగ్ అలసియో, ఊపిరి పీల్చుకొనవచ్చునని తలచియో, తన ఏనుగును రాజు చెంతకు తెచ్చి ఏనుగుల మార్పిడికి సిద్ధపడెను. అదియే పొరపాటు. గుకేశ్ ఏనుగుతో ఏనుగును చంపెను. డింగ్ రాజు ఆ ఏనుగును చంపెను. వెంటనే గుకేశ్ తన శకటును బల్ల నడిమికి తెచ్చి డింగ్ శకటునకు ఎదురు నిలిపెను. మూలగడిలో నున్న డింగ్ శకటునకు తప్పించుకొను దారి లేదు. అవియును మారిపోగా, రాజులును బంట్లును మాత్రము మిగిలెను. నల్లవానికి రెండు, తెల్లవానికి ఒకటి. 58వ యెత్తు ముగియగానే డింగ్ ఓటమి నంగీకరించెను. ఏడున్నర, ఆఱున్నర. ప్రపంచ ఛాంపియను పదవి 18 ఏండ్ల యువకునిది. అంతకు ముందు ఈ విషయమున గణుతికెక్కిన కాస్పరోవ్ 1985లో గెలుచునప్పటికి ఆయనకు 22 ఏండ్లు.

ఈ ఆటలో ప్రారంభమునకును అంతమునకును గల ముడిని గమనించుట రసజ్ఞులకు ఆనందకరము. మూడవ యెత్తున డింగ్ ఏ ఐమూల బాటపై శకటును నిలిపెనో, ఆట ముగియువఱకు ఆ శకటు ఆ బాటను విడువలేదు. అదే బాటపై శత్రువు గుఱ్ఱమును చంపినది, ఏనుగును చంపినది, ఈ చివర నుండి ఆ చివరకు తిరిగినది. తుదకు అదే బాట చివరనున్న మూలగడిలో చిక్కి, అదే బాటపై మడిసినది. మూల శకటునకు ఆ బాటయే బలము. ఆ బాటయే చెఱ. ప్రారంభము ఒక బలమునకు ఎట్టి బ్రతుకు నిర్ణయించునో ఇంతకంటె స్పష్టముగా చూపు ఆట అరుదు.

అయినను ఈ గెలుపు ప్రారంభము వలన వచ్చినది కాదని ఒప్పుకొనవలెను. ఇదే పోటీలో తొలి ఆటను గుకేశ్ తెల్లబలముతో ఆడియు ఓడిపోయెను. ఎంతో సిద్ధపడి వచ్చినవాడు మొదటనే ఓడి, పన్నెండవ ఆటలో మరల ఓడి, పదునాలుగవ ఆట వఱకు మనస్సు చెదరక నిలుచుట ఏ పుస్తకమునను దొరకునది కాదు. పుస్తకము మనుష్యుని సమానముగా నిలుపును. ఆ పైన నడక అతనిది. గ్రంథాలయము సంగతియు ఇంతే. అది ఎవనిని విద్వాంసుని చేయదు. పట్నపు బిడ్డతో పల్లె బిడ్డను ఒకే గీత యొద్ద నిలుపును. ఆ మాత్రము న్యాయము జరిగినచో పల్లె బిడ్డ భయపడవలసిన పని లేదు.

గెలిచిన పిమ్మట గుకేశ్ కన్నీరు తుడుచుకొనుచు బల్లపైని బలములను మరల వాని వాని గడులలో పేర్చెను. చదివిన పుస్తకమును తిరిగి బీరువాలో దాని చోట నుంచు పాఠకుని వంటిది ఆ పని. రాబోవువానికి బల్ల సిద్ధముగా నుండవలెను.

ఇతని వెనుక నున్న శ్రమను కూడ చెప్పవలెను. లేనిచో పిల్లలకు అసత్యము చెప్పినట్లగును. అతడు ఏడవ యేట ఆట నేర్చెను. అదే 2013లో చెన్నపట్టణమున విశ్వనాథన్ ఆనంద్, కార్ల్‌సన్‌ల నడుమ ప్రపంచ పోటీ జరిగెను. 2018లో 12 ఏండ్ల లోపు వారి ప్రపంచ యువ పోటీలో నెగ్గి, 2019 జనవరి 15న గ్రాండ్‌మాస్టరయ్యెను. అప్పటికి వయస్సు 12 సంవత్సరముల 7 నెలల 17 దినములు. వైద్యుడగు తండ్రి తన వృత్తిని కొంతకాలము నిలిపి కుమారుని వెంట దేశదేశములు తిరిగెను. తల్లి ఉద్యోగము చేసి ఇల్లు నడపెను. గురువగు విష్ణు ప్రసన్న శిష్యుని చాలకాలము వఱకు కంప్యూటరు సలహాలకు దూరముగా నుంచి, తన తలతో తాను లెక్కించుట నేర్పెను. ముందు స్వయముగా ఆలోచించుట, పిదప యంత్రము నడుగుట. ఈ క్రమము చదరంగమునకే కాదు, బడి చదువునకు కూడ పనికివచ్చును.

తెలుగు గడ్డపై పుట్టినవారు ఇంతకు ముందే ఈ బాట వేసిరి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1997, 1998, 2000 సంవత్సరములలో బాలికల ప్రపంచ పోటీలను వరుసగా 10, 12, 14 ఏండ్ల లోపు తరగతులలో గెలిచి, 2001లో జూనియరు పదవి పొంది, 2002లో 15 ఏండ్లకే గ్రాండ్‌మాస్టరయ్యెను. తండ్రి అశోక్ అధ్యాపకోద్యోగము మాని ఆమెకు గురువయ్యెను. 2019లోను, 2024లోను ఆమె ప్రపంచ రాపిడ్ పదవిని గెలిచినది. గుంటూరు వాడగు పెండ్యాల హరికృష్ణ 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియరు పదవి గెలిచెను. ద్రోణవల్లి హారిక గోరంట్లలో పుట్టినది. ఈ సీమవారు తమ గోరంట్ల యనుకొని సంతోషింపవచ్చును గాని, అది గుంటూరు చెంతనున్న గోరంట్ల. ఆమె 2008లో బాలికల ప్రపంచ జూనియరు పదవి గెలిచినది. ఓరుగంటి వాడగు ఇరిగేశి అర్జున్ 2018లో, 14 ఏండ్ల వయస్సున గ్రాండ్‌మాస్టరయ్యెను. మన గోరంట్లలో అట్టి బిడ్డ పుట్టకూడదను నియమము ఎక్కడను లేదు.

అయినచో ఏమి చేయవలెను? పెద్ద ధనముతో పని లేదు. 1972లో చెన్నపట్టణపు సోవియట్ సాంస్కృతిక కేంద్రములో మిఖాయిల్ తాల్ పేరిట ఒక చదరంగ క్లబ్బు పుట్టెను. కొన్ని బల్లలు, కొన్ని పుస్తకములు, వచ్చి కూర్చుండుటకు చోటు. అంతకు మించి అందేమున్నది? మన దేశమున మొదటి గ్రాండ్‌మాస్టరగు ఆనంద్ బాల్యమున ఆడుకొనినది అక్కడనే. చదువుటకు ఒక చోటును, ఆడుటకు ఒక చోటును కలసి యున్నప్పుడు ఏమి పుట్టగలదో అది చూపినది.

ఈ గ్రంథాలయమున కిటికీ ప్రక్క రెండు బల్లలు వేసి, రెండు జతల బలములు ఉంచుడు. ఆదివారము ఉదయము రెండు గంటలు వానికి కేటాయింపుడు. నాటు పద్ధతిలో ఆరితేరిన పెద్దలు వచ్చి పిల్లలకు ఓర్పు నేర్పవలెను. పిల్లలు పెద్దలకు పోటీ నిబంధనలు నేర్పవలెను. బాలికలకు అదే బల్ల, అదే వేళ కావలెను. హంపి, హారికల పేరులు చెప్పిన తరువాత ఈ విషయమున వాదము అనవసరము.

అన్నింటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆడిన ప్రతి ఆటను వ్రాయింపుడు. అది కష్టమైన విద్య కాదు. బల్లపై నిలువు వరుసలు ఎనిమిదింటికి ఏ మొదలు హెచ్ వఱకు అక్షరములు, అడ్డు వరుసలు ఎనిమిదింటికి 1 మొదలు 8 వఱకు అంకెలు. వీధికి పేరును ఇంటికి అంకెయు ఉన్నట్లు ప్రతి గడికిని ఒక గుర్తు కలదు. డింగ్ శకటు తొలుత నిలిచిన గడి జీ-2. తుదకు చిక్కిన మూలగడి ఏ-8. బలముల పేరులకు తెలుగు అక్షరములే వాడుకొనవచ్చును: రాజునకు రా, మంత్రికి మం, ఏనుగునకు ఏ, శకటునకు శ, గుఱ్ఱమునకు గు. హిందూపురపు బెల్లపు మండీలో ఒక్క దిమ్మ కూడ పద్దు వ్రాయక కదలదు. లాభము వచ్చిన దినమును వ్రాయుదురు. నష్టము వచ్చిన దినమును వ్రాయుదురు. నష్టమును వ్రాయనివాడు రెండవసారి అదే నష్టము పొందును. ఓడిన ఆటను వ్రాసికొని, ఏ యెత్తున చెడినదో వెదకుట బాలునికి లభించు గొప్ప శిక్షణ. తప్పును దాచక కాగితముపై పెట్టి చూచుకొను ధైర్యము వానికి జీవితమంతయు అక్కఱకు వచ్చును.

కొందఱు తలిదండ్రులు ఆటలో పడి చదువు పాడగునని వెనుదీయుదురు. ఆ భయము నిరాధారము కాదు. ఏ పనియైనను హద్దు మీఱినచో చెఱుపే. ఛాంపియనుల కథలు విని, బడి మాన్పించి, ఇల్లు కుదువ పెట్టుట వివేకము కాదు. వేయిమందిలో ఒకడు జగజ్జేత యగుట కూడ దుర్లభమే. కాని ఈ బల్ల యొద్ద కూర్చుండువారందఱు జగజ్జేతలు కానక్కఱలేదు. చేయి కదపుటకు ముందు ఆలోచించుట, ఎదుటివాని దృష్టితో చూచుట, ఓడినప్పుడు చేయి కలిపి లేచుట. ఇవి వచ్చిన చాలును. వారమునకు రెండు గంటలు అందుకు ఎక్కువ కాదు.

చేతిలోని ఫోనులోనే వేలకొలది ఆటలు దొరకుచుండగా గ్రంథాలయమేల యని యువకులు ప్రశ్నింపవచ్చును. దొరకుచున్న మాట నిజము, అది మంచిదే. సుల్తాన్‌ఖానునకు లేని సౌకర్యము నేటి పల్లె బిడ్డకు కలదు. కాని ఫోనులో ఓడినవాడు క్షణములో మఱియొక ఆట మొదలిడును; తప్పు తప్పుగనే యుండును. ఎదుట మనుష్యుడు కూర్చుండి, ప్రక్కన నోటుబుక్కు ఉండి, తరువాత ఇరువురును కలసి ఆ యెత్తులను తిరిగి వేసి చూచినప్పుడే విద్య నిలుచును. ఆ కూర్చుండు చోటునే గ్రంథాలయ మందురు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినవారు పుస్తకము ప్రజల యొద్దకు పోవలెనని కోరిరి. ఇప్పుడు ప్రజల ఆట పుస్తకములోనికి రావలెను. ఈ యేటి నుండి ఇక్కడ ఆడబడు ఆటలను ఒక దళసరి పుస్తకమున వరుసగా వ్రాయించి, తేదీ వేసి, తక్కిన గ్రంథములతోపాటు బీరువాలో నుంచుడు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలోని గ్రంథాలయములును అట్లే చేసినచో, ఒక ఊరి బాలుని ఆటను మఱియొక ఊరి బాలిక చదివి, దానికి మంచి యెత్తు కనుగొనగలదు.

మఱి ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము వచ్చును. ఆనాడు ఒక పిల్లవాడు ఆ పుస్తకము తెఱచి, ఈ యూరి పెద్దయొకడు బాల్యమున వేసిన తొలియెత్తును తన బల్లపై వేసి చూడగలుగవలెను. తిమ్మన ఆట పోయినట్లు ఆ ఆట పోకూడదు. ఈ చావడి తలుపులు అంతవఱకును, అటుపిమ్మటను తెఱచియే యుండుగాక!